అవతలి మాట పూర్తయ్యేదాకా



మన నెల్లూరు వైపు కలువాయి, ఆత్మకూరు, ఉదయగిరి ప్రాంతంలో ఏ ఊరి ఓటర్ల జాబితా అయినా తీసుకుని పేర్లు చదవండి. పెంచలయ్యలు, పెంచలమ్మలు కనిపిస్తారు. రాపూరు అడవిలో, పెంచలకోనలో వెలసిన నరసింహస్వామి పేరు అది. ఆ పక్కనే మస్తానయ్యలు, మస్తానమ్మలు కనిపిస్తారు. ఆ పేరు కసుమూరు దర్గాలో ఉన్న మస్తాన్ వలీది. మస్తానయ్య అన్నంత మాత్రాన ముస్లిం ఇంటివాడు కానక్కర్లేదు. ఇంటిపేరు, కులం, ఇలవేల్పు అన్నీ హిందువులవే అయివుంటాయి. బిడ్డ నిలిస్తే నీ పేరు పెట్టుకుంటామని ఏ తల్లో, ఏ అవ్వో దర్గాకి మొక్కుకుని ఉంటుంది. తరాలు మారినా పేరు అట్లానే నిలిచిపోయింది.

అనుమసముద్రంపేట, మనం ఏఎస్ పేట అని పిలుచుకునే ఊరు, ఆత్మకూరుకి దగ్గరే. అక్కడ ఖాజా నాయబ్ రసూల్ దర్గాలో నిద్ర చేయడానికి పోయేవాళ్లలో బొట్టు పెట్టుకున్నవాళ్లు ఎందరో ఉంటారు. మొహర్రం నాళ్లలో నెల్లూరు స్వర్ణాల చెరువు దగ్గర, బారాషహీద్ దర్గా ముందు, రొట్టెల పండగ జరుగుతుంది. చదువు రొట్టె, పెళ్లి రొట్టె, సంతానం రొట్టె అంటూ నీళ్లలో నిలబడి ఒకరి చేతిలోంచి ఒకరు తీసుకుంటారు. కోరిక తీరినవాళ్లు మరుసటేడు వచ్చి రొట్టె తిరిగి ఇస్తారు. ఇచ్చేవాళ్ల మతం అడిగేవాళ్లు లేరు, పుచ్చుకునేవాళ్ల మతం అడిగేవాళ్లూ లేరు.

ఇవన్నీ నాకు ఎంతో ప్రీతి. అయితే వీటిని చూసి మన దగ్గర మతాల మధ్య ఏ ఇబ్బందీ లేదని అనుకుంటే మాత్రం నేను ఒప్పుకోను. కలిసి పండగ చేసుకోవడం మనకు బాగా తెలుసు. అభిప్రాయం తేడా వచ్చిన రోజున ఒకరి మాట ఒకరు వినడం మాత్రం మనకి అంతగా అలవాటు కాలేదు. రొట్టె మార్చుకునేటప్పుడు నోరు విప్పే అవసరం రాదు. నీ దేవుడి గురించి నువ్వేం నమ్ముతున్నావు, నాకెందుకు అది నమ్మశక్యంగా లేదు అనే మాట వచ్చినప్పుడు మనం చేసే పని రెండింటిలో ఒకటి. గొంతు పెంచడమో, లేకపోతే "దేవుళ్లంతా ఒకటే గదబ్బా, పోనియ్" అనడమో.

ఆ రెండో మాట మంచిదే అనిపిస్తుంది. అనేవాళ్ల మనసూ మంచిదే. కానీ ఎదుటివాడు సరిగ్గా ఆ విషయంలోనే తేడాపడుతున్నాడు. దేవుడు ఒక్కడే, ఆయన్ని చేరే దారి ఒక్కటే అని అతను ప్రాణం పెట్టి నమ్ముతున్నాడు. అన్నీ ఒకటే అంటే అతని మాటకు జవాబు చెప్పినట్టు కాదు, అతని మాట ఇంక వద్దని ఆపినట్టు. గొంతు పెంచి ఆపడం ఒక పద్ధతి అయితే, నవ్వి ఆపడం ఇంకో పద్ధతి. రెండింట్లోనూ అవతలి మనిషి చెప్పదలుచుకున్నది అతని కడుపులోనే ఉండిపోతుంది.

మన పల్లెల్లో ఏ వీధిలోనైనా జరిగే విషయం ఒకటి చెప్తాను. అక్క తిరపతి పోయొచ్చి లడ్డు తెచ్చింది. తమ్ముడి కుటుంబం బాప్తిస్మం తీసుకుని కొన్నేళ్లయింది. లడ్డు చేతికిస్తే "వద్దులే అక్కా" అన్నాడు. అక్కకి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. నా చేతిది తినకూడని వాళ్లమైపోయామా అంది. తమ్ముడు తల వంచుకున్నాడు. ఆ రోజునుంచి ఆ రెండిళ్ల మధ్య రాకపోకలు పలచబడ్డాయి. పెళ్లికి పిలిస్తే వస్తారు, పలకరిస్తే పలుకుతారు. కానీ లడ్డు సంగతి మళ్లీ ఎవరూ ఎత్తరు.

ఒక్కసారి అక్క కూర్చుని, నీకు ఎందుకు వద్దో చెప్పు తమ్ముడా, మధ్యలో మాట్లాడను అని ఉంటే అతను ఏం చెప్పేవాడు? విగ్రహానికి పెట్టిన నైవేద్యం తినొచ్చా తినకూడదా అనేది క్రైస్తవంలో తొలినాళ్ల నుంచీ ఉన్న ప్రశ్న. కొరింథు సంఘానికి పౌలు రాసిన మొదటి పత్రికలో దాని మీద పెద్ద చర్చే ఉంది. తిండిలో దోషం లేదని ఒకచోట, ఎదుటివాడి మనస్సాక్షిని నొప్పించవద్దని ఒకచోట, అది ఇతర దేవతలతో పొత్తు అవుతుందని ఒకచోట, ఇట్లా సాగుతుంది. అంటే తమ్ముడు వద్దన్నది అక్క చేతి తిండిని కాదు. రెండువేల ఏళ్లుగా తన మతంవాళ్లు తలలు పట్టుకుంటున్న ప్రశ్నకు తనకు తోచిన జవాబు ఇచ్చాడు. అటు తమ్ముడు అడిగి ఉంటే అక్క కూడా చెప్పేది. కంపార్టుమెంటులో గంటలు గంటలు కూర్చుని, స్వామి ఎదట నిలబడ్డ ఆ ఒక్క క్షణంలో ఆమె మొక్కుకున్నది తమ్ముడి బిడ్డ జ్వరం తగ్గాలనేనేమో. ఆ లడ్డు వెనక ఏముందో అతనికి తెలిసేది. తెలిసినాక కూడా అతను తినకపోవచ్చు. తినకపోయినా ఆ ఇంటికీ ఈ ఇంటికీ మధ్య గడప ఎత్తు పెరిగేది కాదు.

ఇది రెండు మతాల మధ్యే జరగాలని లేదు. ఏఎస్ పేటకి చాదరు తీసుకుపోయే అవ్వ, అల్లాని తప్ప వేరెవర్నీ అడగకూడదని గట్టిగా చెప్పే మనవడు ఒకే ఇంట్లో ఉంటారు. అవ్వకి మనవడు పెడసరంగా కనిపిస్తాడు, మనవడికి అవ్వ తెలియనిదిగా కనిపిస్తుంది. అవ్వ తన బతుకులో ఏ కష్టంలో ఆ గడప తొక్కిందో మనవడు ఎప్పుడైనా విన్నాడా? ఏకేశ్వరుడి మీద మనవడి పట్టుదలలో ఎంత భక్తి ఉందో అవ్వ ఎప్పుడైనా విన్నదా?

ఈ వినడం అనేది కొత్తగా వచ్చిన ఆదర్శమేం కాదు. కర్నూలు జిల్లా ఎర్రగుడి దగ్గర కొండరాళ్ల మీద అశోకుడి శాసనాలున్నాయి. క్రీస్తుకు పూర్వం మూడో శతాబ్దం నాటివి. అందులో పన్నెండోది పూర్తిగా ఈ విషయం మీదే. సందర్భం లేకుండా నీ మతాన్ని పొగడవద్దు, ఎదుటి మతాన్ని తెగడవద్దు, అట్లా చేస్తే నీ మతానికే చెరుపు అంటాడు. అంతటితో ఆగలేదు. ఒకరి ధర్మాన్ని ఒకరు వినాలి, వినాలనే కోరిక ఉండాలి అంటాడు. ఆ శాసనంలో నన్ను పట్టి నిలిపింది ఆ చివరి ముక్క. తిట్టుకోకండి అని ఏ రాజైనా చెప్తాడు, శాంతిభద్రతలు రాజుకి అవసరం. వినండి, వినాలని కోరుకోండి అని బండ మీద చెక్కించడం వేరే సంగతి. ఆ మాట మన తెలుగు నేల మీద ఎండకీ వానకీ రెండువేల రెండువందల ఏళ్లకు పైగా నిలిచి ఉంది.

మన శాస్త్రాల్లోనూ ఒక మర్యాద ఉండేది. ఖండించబోయే వాదాన్ని ముందు పూర్వపక్షంగా, దాని బలమంతా చూపించి చెప్పాలి. ఆ తర్వాతే సొంత సిద్ధాంతం. చార్వాకుల సొంత గ్రంథాలు దాదాపు ఏవీ మిగల్లేదు. దేవుడు లేడు, పరలోకం లేదు అన్న ఆ మనుషులు ఏమన్నారో ఈ రోజు మనకి ఎక్కువగా తెలుస్తున్నది వాళ్లను ఖండించినవాళ్ల రాతల వల్లనే. మాధవాచార్యుల సర్వదర్శన సంగ్రహం చార్వాక దర్శనంతోనే మొదలవుతుంది. అయితే ఆ మర్యాద పండితుల దగ్గరే ఉండిపోయింది. రాజసభలో వాదం పెట్టి, ఓడినవాడి మఠాలు కూల్చిన కథలు కూడా మన చరిత్రలో ఉన్నాయి. మన నెల్లూరు తిక్కన సోమయాజి గురించే రెండు రకాల జ్ఞాపకాలున్నాయి. శైవులు, వైష్ణవులు కత్తులు దూసుకుంటున్న రోజుల్లో తన భారతాన్ని హరిహరనాథుడికి అంకితమిచ్చినవాడు ఆయన. కాకతి గణపతిదేవుడి సభలో జైనుల్ని, బౌద్ధుల్ని వాదంలో ఓడించాడనీ, ఆ తర్వాత వాళ్లకు కష్టాలొచ్చాయనీ సిద్ధేశ్వర చరిత్ర చెప్పేదీ ఆయన గురించే. గెలుపు ఓటముల లెక్క ఉన్నచోట చెవి పనిచేయదు. ఎదుటివాడి మాటలో లొసుగు ఎక్కడుందా అని మాత్రమే చూస్తాం.

మరి గెలవాలనే పట్టుదల లేకుండా, అట్లాగని తేడాని దాచకుండా వినడం ఎట్లా ఉంటుంది? దానికి నాకు తెలిసిన మంచి ఉదాహరణ ఒక తెలుగు నాస్తికుడికీ, గాంధీకీ మధ్య జరిగింది.

గోపరాజు రామచంద్రరావు, అందరికీ గోరాగా తెలిసినాయన, 1902లో పుట్టాడు. వృక్షశాస్త్రం చెప్పే అధ్యాపకుడు. దేవుడు లేడని బాహాటంగా చెప్పినందుకు ఉద్యోగం పోగొట్టుకున్నాడు, జంధ్యం తీసేసినందుకు కన్నవారింటికి దూరమయ్యాడు. 1940లో కృష్ణాజిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టాడు. 1930లోనే గాంధీకి ఉత్తరం రాసి, దేవుడు అంటే మీ ఉద్దేశం ఏమిటని అడిగాడు. దేవుడు మనిషి బుద్ధికి అందడని జవాబొచ్చింది. 1941లో మళ్లీ రాశాడు, వచ్చి మాట్లాడతానన్నాడు. ఈసారి గాంధీ జవాబు ఇంకా పొడిగా ఉంది. నాస్తికత్వం తనను తాను కాదనుకోవడమేననీ, దాని ప్రచారంలో నెగ్గినవాళ్లు ఎవరూ లేరనీ, మాట్లాడటానికి తనకు తీరిక లేదనీ రాశాడు.

గాంధీ కూడా మొదట వినలేదు. ఈ సంగతి నేను కావాలనే చెప్తున్నాను. వినే గుణం పుట్టుకతో వచ్చే వరం అనుకుంటే మనందరం చేతులు దులుపుకుంటాం.

1944లో గోరా సహచరుడొకడు సేవాగ్రాంలోని గాంధీ ఆశ్రమానికి పోయి, అస్పృశ్యత మీద తాము ఊళ్లలో చేస్తున్న పని గురించి చెప్పాడు. గాంధీ ఆ పని గురించి ప్రశ్నలు వేశాడు. ఆ ఏడాది నవంబరు చివర గోరా సేవాగ్రాం చేరాడు. దేవుడు లేని మనిషితో ఏం మాట్లాడేది అని గాంధీ నవ్వుతూ మొదలుపెట్టాడు. నేను నాస్తికుణ్ణి, దేవుడు లేని మనిషిని కాదు అన్నాడు గోరా. ఆ రెంటికీ తేడా ఏమిటి అని గాంధీ అడిగాడు. ఆ ప్రశ్నతోనే తలుపు తెరుచుకుందని నా నమ్మకం. తనకు తెలిసిన తేడాని గాంధీ ఆయనకి బోధించలేదు. ఎదుటివాడు ఏ తేడా చూస్తున్నాడో తెలుసుకోవాలనుకున్నాడు.

గోరా చెప్పుకుపోయాడు. 1943 బెంగాల్ కరువులో కలకత్తా వీధుల్లో తను చూసినది చెప్పాడు. మిఠాయి దుకాణాల ముందే మనుషులు ఆకలితో చచ్చిపోయారు, చేయి చాపి తీసుకోలేదు, అంతా విధి అనుకున్నారు కాబట్టి. దేవుడి మీద భారం వేసే అలవాటు మనిషిని అట్లా చేస్తుంది, ఆ భారం దించితే మనిషి తన కాళ్ల మీద తను నిలబడతాడు, మతాల పేర్లు పోతే అంటరానితనం వేరు కూడా కదులుతుంది. ఇదీ ఆయన వాదన. జీవితమంతా రామనామం మీద నిలబడ్డ డెబ్బయ్యయిదేళ్ల మనిషి కూర్చుని ఇదంతా విన్నాడు. ఒక్క రోజుతో తీర్పు చెప్పలేదు, గోరాని ఆశ్రమంలో ఉంచుకుని ఆ మాట నెలలపాటు కొనసాగనిచ్చాడు.

చివరికి ఎవరూ మతం మారలేదు. గాంధీ నాస్తికుడు కాలేదు, గోరా దేవుణ్ణి నమ్మలేదు. మీ మాటల వెనకున్న ఆదర్శం నాకు కనిపిస్తోందన్నాడు గాంధీ. తన ఆస్తికత్వమే ఒప్పనీ, గోరా నాస్తికత్వం తప్పనీ తాను చెప్పలేనన్నాడు. అది మర్యాదకి అన్న మాట కాదని తర్వాత జరిగిన పని చూస్తే తెలుస్తుంది. గోరా తన పెద్దకూతురు మనోరమను హరిజన యువకుడు అర్జునరావుకి ఇచ్చి పెళ్లి చేయాలనుకున్నాడు. గాంధీ తన చేతుల మీద సేవాగ్రాంలో జరిపిస్తానన్నాడు. ప్రమాణంలో దేవుడి పేరు రావడం గోరాకి ఇష్టం లేదు. అయితే దేవుడి పేరు తీసేద్దాం, సత్యం సాక్షిగా అందాం అని గాంధీ ఒప్పుకున్నాడు. ఈలోగా 1948 జనవరి 30న ఆయన్ని కాల్చి చంపారు. ఆ మార్చిలో పెళ్లి సేవాగ్రాంలోనే, అనుకున్నట్టే, సత్యం సాక్షిగా జరిగింది. ఈ సంభాషణలన్నిటినీ గోరా 1951లో పుస్తకంగా అచ్చువేయించాడు.

విన్నాననే మాట ఎవరైనా అనగలరు. విన్నందువల్ల నీ ఆచారంలో, నీ పెళ్లి మంత్రంలో, నీ ఇంటి పద్ధతిలో ఏదైనా కొంచెం పక్కకి జరిగిందా? గాంధీ విషయంలో జరిగింది. నమ్మకం వదులుకోలేదు, కానీ ఎదుటివాడి అంతరాత్మకి చోటిచ్చాడు.

మన జిల్లాలోనే, ఇంకా వెనకటి కాలంలో, ఇంకో సంగతి ఉంది. ఒంగోలు 1904 దాకా నెల్లూరు జిల్లాలోదే. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ 1866లో అక్కడ స్థిరపడ్డాడు. ఎర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ పెద్ద, తోళ్ల వ్యాపారి, ఆ ఏడే బాప్తిస్మం తీసుకున్నాడు. ఆయన వెనక వందలు, తర్వాత వేలమంది కదిలారు. మాదిగల్ని చేర్చుకుంటే మా పిల్లల్ని పంపమని పై కులాలవాళ్లు మిషన్ బడి మానిపించారు. 1876 నుంచి 78 దాకా ఘోరమైన కరువు. బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ల పని క్లౌ కాంట్రాక్టుకి తీసుకుని ఆకలిగొన్నవాళ్లకి పని ఇచ్చాడు. తిండి కోసం మతంలోకి వస్తారేమోనని ఆ కరువు పనులు నడిచినన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపేశాడు. పనులు ముగిశాక, 1878 జులై 3న, గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు.

బియ్యం కోసం మారారు అనే మాట ఈ నాటికీ మన రచ్చబండల మీద వినిపిస్తుంది. ఆ మాట అనేవాళ్లలో ఎంతమంది మాదిగపల్లెకి పోయి, మీ ముత్తాత ఎందుకు మారాడయ్యా అని అడిగి, జవాబు వచ్చేదాకా కూర్చున్నారు? పేరయ్య అన్నం కోసం పోయిన మనిషి కాదు. అంతకు ముందే రాజయోగ సాధన చేసినవాడు, గురువుల వెంట తిరిగి దేవుణ్ణి వెతికినవాడు. ఈ సంగతులు మనకెట్లా తెలిశాయంటే, క్లౌ రెండో భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ ఆ పల్లెల్లోని పెద్దల్ని కూర్చోబెట్టి, క్రైస్తవులు కాకముందు మీరేం నమ్మేవారు, మీ గురువులెవరు, మీ కథలేమిటి అని అడిగి విన్నది. వెలిగొండల అవతలున్న పోతులూరి వీరబ్రహ్మం పేరు ఆ పల్లెల్లో ఎట్లా మోగిందో ఆమె రాసుకుంది. 1899లో వైల్ సోయింగ్ శాండల్స్ అనే పేరుతో అది పుస్తకంగా వచ్చింది. ఆమె మిషనరీ, ఆమె ఉద్దేశాలు ఆమెకున్నాయి, వాటిని ఆమె దాచలేదు. అయినా ఆ మనుషులు విడిచిపెట్టి వచ్చిన నమ్మకాన్ని కూడా విలువగలదిగా తీసుకుని అడిగింది. పక్క వీధిలో తరాలుగా ఉన్న మనం అడగలేదు.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. వినాల్సిన బాధ్యత అందరికీ సమానంగా ఉండదు. ఊళ్లో ఎవరి మాట ఎప్పుడూ చెల్లుతూ వచ్చిందో వాళ్లే ముందు వినాలి. ఊరి బావిలో నీళ్లు తోడుకోనివ్వకుండా, గుడి మెట్లెక్కనివ్వకుండా ఉంచిన మనిషిని పిలిచి, రా, ఓర్పుగా మా మాట విను అనడం అన్యాయం. అట్లాగే కొట్టడానికి చేయెత్తినవాడి ముందు ఓర్పుగా కూర్చోమని నేను చెప్పడం లేదు. అది పోలీసుల పని, చట్టం పని. నేను చెప్తున్నది ఒకే బావి నీళ్లు తాగుతూ, ఒకే బస్సులో ఆత్మకూరు పోతూ, దేవుడి దగ్గరికొచ్చేసరికి దారులు వేరైన మామూలు మనుషుల గురించి.

వాళ్లు చేయగలిగిన పని ఒకటుంది. అవతలి మనిషి చెప్పింది విన్నాక, ఆ మాటని మన నోటితో తిరిగి చెప్పి, నువ్వన్నది ఇదేనా అని అడగాలి. అవును, సరిగ్గా ఇదే అని అతను అనేదాకా మన జవాబు మొదలుపెట్టకూడదు. ఎంత కష్టమో ఒకసారి ప్రయత్నిస్తే తెలుస్తుంది. ఎదుటివాడి మాటని మనం తిరిగి చెప్పేటప్పుడు అందులో ఎగతాళి ఎంత సులువుగా దూరుతుందో, అతను అననిది మనం ఎంత తేలిగ్గా కలుపుతామో అప్పుడు కనపడుతుంది. ఫోనులో వచ్చిన వీడియో చూసి అవతలి మతం గురించి నేర్చుకున్నది ఒక్కసారి ఆ మతంవాడి ముందే చెప్పి చూడండి. అవునంటాడా?

ఇట్లా అడగవలసిన చోటు ఒకటి ఇప్పుడు చాలా ఇళ్లలో ఎదురవుతోంది. తల్లి హిందువుగానే ఉంది, కొడుకుల్లో ఒకడు చర్చికి పోతాడు. లేదా తల్లే ఆఖరి ఏళ్లలో బాప్తిస్మం తీసుకుంది, కొడుకులు తీసుకోలేదు. ఆమె పోయిన రోజు శవం ముందు పెట్టుకుని తగువు. దహనమా, ఖననమా? తలకొరివి ఎవరు పెట్టాలి? పెద్దకర్మ చేయాలా, ప్రార్థన కూటం పెట్టాలా? ఏడవాల్సిన బిడ్డలు ఒకరి మీద ఒకరు అరుచుకుంటారు, పంతులుగారు ఒక పక్క, పాస్టరుగారు ఒక పక్క, పెద్దమనుషులు మధ్యలో. అందరూ అమ్మ తరఫునే మాట్లాడుతుంటారు. అమ్మ ఏం కోరుకుందో ఎవరూ అడిగి ఉండరు. మీ ఇంట్లో అట్లాంటి పెద్దామె ఉంటే, ఆమె నడుస్తూ, మాట్లాడుతూ ఉన్నప్పుడే, బిడ్డలందరూ ఒకచోట కూర్చుని ఆమెనే అడగండి. ఏం కావాలి, ఎందుకు కావాలి అని. మధ్యలో ఎవరూ అందుకోవద్దు. ఆమె పెళ్లినాటి నుంచి మొదలుపెట్టి, ఎప్పుడో పోయిన బిడ్డ దగ్గర ఆగి, సగంలో వేరే కథలోకి పోయినా సరే, చెప్పనివ్వండి. ఆమె చెప్పింది ఒక కాగితం మీద రాసి, అందరూ వినేట్టు మళ్లీ చదివి, నువ్వన్నది ఇదేనా అమ్మా అని అడగండి.